దుత్త మళ్లీ దించిన యేడు

ఉద్దానంలో ఎండాకాలం ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ముగియాలో నిర్ణయించేది మా అమ్మమ్మ బొడ్డమ్మ. ఇందులో సూర్యుడికి పెద్దగా పనిలేదు. ఆయన పొద్దున్నే సముద్రంలోంచి సగం తల పైకెత్తి మా పెరటివైపు చూస్తాడు. అమ్మమ్మ అటక మీంచి దుత్త దించితే ఎండ కాస్తాడు. దుత్త కడిగి బోర్లిస్తే మబ్బు కప్పుకుంటాడు. వానలదీ అదే వరస. కేరళ దాటి వచ్చి, మా వీధి మొగలో ఆగి, "బొడ్డమ్మా, రమ్మంటావా?" అని అడిగిగాని లోపలికి రావు. ఈ సంగతి తెలిస్తే వాతావరణశాఖ వాళ్లు అన్నన్ని యంత్రాలు పెట్టుకోనక్కర్లేదు. మా అరుగు మీద ఒక మనిషిని కూర్చోబెట్టుకుంటే చాలు.

ఈ మాట నేను చాలా ఏళ్లుగా చెప్పుకు తిరుగుతున్నాను. ఈ యేడు జూన్‌లో మాత్రం సూర్యుడు ఆవిడ మాట వినలేదు. ఆవిడేమో సూర్యుడి మాట వినలేదు. మధ్యలో నేను నలిగాను.

ముందు మనిషిని చూపిస్తాను. పలాస నుంచి వజ్రపుకొత్తూరు పోయే దారిలో ఆటో దిగి, ఇసుకలో పావుగంట నడిస్తే మా ఊరు. అక్కడ ఎవరైనా ఒక పెద్దావిడ నడుస్తూ కుచ్చిళ్లు దోపుకుంటూ, నడుస్తూనే జుట్టు ముడేసుకుంటూ, నడుస్తూనే పక్కింటి మేకని తిడుతూ కనబడితే, ఆవిడే. ఆధార్ కార్డు లెక్కన అరవై రెండేళ్లు. ఆవిడ లెక్కన యాభై అయిదు. మోకాళ్ల లెక్క మాత్రం అడక్కండి. కూర్చోవడం అనే పని ఆవిడకి రాదు. అన్నం కూడా గుమ్మానికి ఆనుకుని నిలబడి తింటుంది. "కూకుంటే మళ్లీ లెగాల కదేటి" అంటుంది.

ఇంట్లో ముగ్గురం. మా అమ్మ పొద్దున్నే పలాస వెళ్లి జీడి షెడ్డులో పిక్కలు కొట్టి, దీపాల వేళకి వస్తుంది. ఇంటర్ రెండుసార్లు తప్పాక నేను కుట్టుమిషను ముందు కుదురుకున్నాను. కాబట్టి పగలంతా ఇంట్లో నేనూ, అమ్మమ్మా. సరిగ్గా చెప్పాలంటే నేనూ, అమ్మమ్మ ఇప్పుడే వెళ్లిపోయిన చోటూ.

మాకు ఎకరన్నర తోట. సగం జీడి, సగం కొబ్బరి. తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి నలభై కొబ్బరిచెట్లలో ముప్ఫై ఒకటి పడిపోయాయి. అంతకుముందు మిట్టమధ్యాహ్నం కూడా తోటలో ఎండ రూపాయి బిళ్లలంత మచ్చలుగా మాత్రమే పడేది. ఇప్పుడు ఇసుక మీద కాలు పెడితే అట్లపెనం మీద పెట్టినట్టే. కొత్తగా వేసిన మొక్కలు కొన్ని చచ్చాయి, కొన్ని బతికాయి. ఈ యేడు అమ్మమ్మ పెరట్లో పన్నెండు కొబ్బరికాయలు మొలకెత్తించింది. తొలకరికి పన్నెండూ నాటాలన్నది ఆవిడ పట్టుదల.

ఇక ఆవిడ యేడు ఎలా తిరుగుతుందో చెబుతాను. ఆవిడకి జనవరీ ఫిబ్రవరీ తెలియవు. శివరాత్రి జాగారం చేసి, తెల్లారి స్నానం చేసి, అటక ఎక్కి దుత్త దించుతుంది. దుత్తంటే బొజ్జ లావుగా, మెడ సన్నగా ఉండే చిన్న మట్టికుండ. దాన్ని బూడిదతో తోమి, రాగిపిండితో చోడంబలి కాసి పోసి, మూతికి గుడ్డ కట్టి చంకనెట్టుకుంటుంది. ఆ రోజునుంచి ఎండాకాలపు బొడ్డమ్మ. నడినెత్తిన ఆముదం. వెలుగురాకముందే తోట. రాలిన జీడిపళ్లు ఏరడం, పిక్క మెలితిప్పి తీయడం, పది కొట్టేసరికి అంబలి తాగి ఇంటికి రావడం, మళ్లీ నాలుగు దాటాకే వెళ్లడం.

మృగశిర కార్తె వచ్చిన రోజు చేపల కూర వండుతుంది. తిన్నాక దుత్త కడిగి, ఎండబెట్టి, అటక మీద బోర్లిస్తుంది. మర్నాటినుంచి వానాకాలపు బొడ్డమ్మ. ఆవిడ నెత్తిన ఆముదం పోయి, కాలివేళ్ల సందుల్లోకి పసుపూ కొబ్బరినూనే వస్తాయి. పని పొద్దుటినుంచి సాయంత్రందాకా ఏకబిగిన. కోతలయ్యాక చలికాలపు బొడ్డమ్మ. అప్పుడు మా అమ్మతో కలిసి షెడ్డుకి వెళ్తుంది. జీడిసొన కాల్చకుండా చేతులకి ఆముదం పట్టించి బూడిద పూసుకుంటుంది. పగిలిన మడమలకి మైనం కరిగించి రాసుకుంటుంది.

ఇంత శ్రద్ధ ఉన్న మనిషిలో ఒకటే లోపం. దుత్త అటకెక్కిందంటే ఆవిడ దాహం కూడా అటకెక్కుతుంది. మృగశిర నుంచి శివరాత్రిదాకా పనిలోకి నీళ్లు పట్టుకెళ్లదు. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు. అడిగితే, "దాహమన్నది ఎండాకాలం సంగతే. వానల్లో నీళ్లు తాగితే ఒళ్లు బరువెక్కుతాది" అంటుంది. మా ఊళ్లో ఆవిడ ఈడు ఆడవాళ్లందరిదీ ఇంచుమించు ఇదే లెక్క.

ఈ లెక్కకి ఎదురు లెక్క మా ఊళ్లో ఇంకొకటుంది. వేరే ఊళ్లలో ఇద్దరు ఎదురుపడితే బాగున్నావా అని అడుగుతారు. మా దగ్గర "నీ సీరం ఎంతొచ్చింది?" అని అడుగుతారు. రక్తపరీక్షలో కిడ్నీ సంగతి చెప్పే అంకె అది. మా తాత సన్యాసయ్య ఆ అంకెతోనే పోయాడు, నాలుగేళ్లయింది. అమ్మమ్మకి మొన్న మార్చిలో ఒకటీ పాయింటు నాలుగొచ్చింది. మా ఊరికి వచ్చే నర్సు సత్యవేణి గారు ఆ కాగితం చూసి, "కొంచెం ఎక్కువే. జాగర్తగా ఉంటే ఇక్కడే ఆపుకోవచ్చు అత్తా" అంది. అమ్మమ్మ ఆ కాగితాన్ని మడిచి పోపులపెట్టెలో మెంతుల కింద పెట్టింది. ఆ అంకె పెరక్కుండా ఉండాలి. మా ఇంట్లో ఎవరూ పైకి అనని కోరిక అదొక్కటే.

ఈ యేడు మృగశిర వచ్చింది. చేపల కూరా వచ్చింది. వాన రాలేదు. ఆ రోజు పలాసలో నలభై ఒకటి డిగ్రీలు. ఇంట్లో తలుపు గడియ ముట్టుకుంటే కాలింది. అయినా అమ్మమ్మ దుత్త కడిగింది.

"అమ్మమ్మా, బైట నిప్పులు కురుత్తన్నాయి. దుత్త ఉండనీ" అన్నాను.

"మృగశిర వచ్చీసినాది కదే."

"వాన వచ్చినాదేటి?"

"దానికేటి, దార్లో ఉంటాది. వత్తాది."

అటక ఎక్కింది. బోర్లించింది. దిగి చేతులు దులుపుకుంది. మర్నాడు పార, గునపం పట్టుకుని, పన్నెండు గోతులు తవ్వడానికి తోటకి వెళ్లిపోయింది. పన్నెండు గంటలైనా రాలేదు. ఒంటిగంటైనా రాలేదు. ఆవిడ క్యాలెండరులో అది వానాకాలం. వానాకాలంలో మధ్యాహ్నం ఇంటికి రావడం ఉండదు.

మూడో రోజు తోట పక్కన కౌలు చేసే నూకరత్నం పిన్ని పరుగెత్తుకొచ్చింది. "ఓలె కుసుమా, బేగి రాయే! మీ అమ్మమ్మ గోతిలో కూకుండిపోనాది!"

మా అమ్మమ్మ కూర్చుందంటేనే కుట్టుమిషను వదిలేసి పరుగెత్తాను. వెళ్లి చూస్తే ఏడో గోతిలో, తవ్విన మట్టికి ఆనుకుని, గునపం ఒళ్లో పెట్టుకుని ఉంది. పెదాలు తెల్లగా పొడిబారిపోయాయి. ఒంటిమీద చెమట లేదు.

"ఏటైనాది అమ్మమ్మా?"

"ఏటీ అవ్వనేదు. గొయ్యి లోతు సరిపోనాదో నేదో సూత్తన్నాను."

లేపబోతే తూలింది. నూకరత్నం పిన్ని, నేను చెరో రెక్కా పట్టుకుని ఇంటికి తెచ్చాం. సాయంత్రం పెరట్లోకి వెళ్లొచ్చి నన్ను మాత్రం పిలిచి నెమ్మదిగా చెప్పింది. మూత్రం టీ డికాషను రంగులో వచ్చిందని. తాతకి మొదట్లో అలాగే వచ్చిందట. ఆ మాట చెప్పి వెంటనే చీపురు తీసుకుని ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది.

మర్నాడు సత్యవేణి గారు రక్తం తీసుకెళ్లింది. రెండు రోజులకి అంకె వచ్చింది. ఒకటీ తొమ్మిది.

సత్యవేణి గారిది టెక్కలి. మనిషి మెత్తన, మాట మాత్రం సూదిలా ఉంటుంది. అరుగు మీద కూర్చుని అడగడం మొదలెట్టింది. "అత్తా, ఈ మూడ్రోజులూ నీళ్లెన్ని తాగినావు?"

"తాగినాను."

"ఎన్ని?"

"దాహమైనప్పుడు తాగినాను."

"బిళ్లలేమైనా వేసినావా?"

"మందులేటీ వెయ్యనేదు సిస్టరమ్మా" అని అమ్మమ్మ గట్టిగా తల అడ్డంగా ఊపింది. నేను ఆవిడ రొంటిన చెయ్యిపెట్టి పొట్లం లాగాను. కొట్లో దొరికే ఒళ్లునొప్పుల బిళ్లలు. సగం అయిపోయాయి.

"మరివేటి?" అంది సత్యవేణి గారు.

"అవి మందులు కావు. నొప్పి బిళ్లలు."

సత్యవేణి గారు నవ్వలేదు. డాక్టరు గారితో ఫోనులో మాట్లాడి, ఫోను పెట్టేశాక చెప్పింది. "ఈ జబ్బు మనకెందుకొత్తందో పెద్దపెద్దోళ్లే తేల్చుకోనేకపోతన్నారు. కాని ఎండలో ఎండిపోతే, ఈ బిళ్లలు మింగితే, ఉన్న కిడ్నీ ఇంకా పాడవుతాది. అది మాత్రం తెలుసు. ఇప్పుడు పెరిగింది కొంత దిగొచ్చు. ఆరు వారాలాగి మళ్లీ రక్తం తీత్తాను. రెండు దాటిందా, నిన్ను పలాస పెద్దాసుపత్రికి పంపించక తప్పదు. అక్కడ మరి ఏ దారో నీకు తెలుసు."

అమ్మమ్మకి తెలుసు. ఆ దారిలో తాతని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లింది ఆవిడే.

"మృగశిర కదా అని..." అని నసిగింది.

"కార్తెనడక్కు అత్తా. నీ మూత్రం రంగు సూసుకో. గడ్డిరంగులో ఉంటే పనికెళ్లు. ముదిరితే నీళ్లు తాగి నీడన కూకో. పదకొండు నుంచి నాలుగుదాకా తోట మొహం సూడకు. రోజుకి ఎన్ని నీళ్లో కుసుమకి సెప్తాను. అందరికీ ఒకే కొలత కాదు, ఇది డాక్టరుగారు నీకు సెప్పింది."

ఆవిడ వెళ్లాక నేను అటకెక్కి దుత్త దించాను. అమ్మమ్మ కింద నిలబడి, ఎవరైనా చూస్తున్నారేమోనని వీధివైపు చూసింది. మృగశిర దాటాక మా ఇంట్లో దుత్త నేలమీద ఉండటం అదే మొదటిసారి. "ఊరంతా నవ్వుతారే" అంది. దుత్తలో చెప్పిన కొలత నీళ్లు పోసి, బొజ్జ మీద సున్నంతో నాలుగు గీతలు గీశాను. నీడ మెట్టు మీదికొచ్చేసరికి నీళ్లు మొదటి గీతకి దిగాలి, మిషను మీదికొచ్చేసరికి రెండోదానికి, ఇలా సాయంత్రానికి అడుగు కనబడాలి. మోకాళ్ల నొప్పికి బిళ్లలు బంద్, ఉప్పు మూట కాపడం.

ఆ ఆరు వారాలూ నేను కుట్టిన జాకెట్లన్నిటికీ చేతులు వంకరే. ఒక కన్ను సూది మీద, ఒక కన్ను గుమ్మం మీద. పదకొండయ్యేసరికి అమ్మమ్మ ఇంటికి వచ్చేది. అంతవరకూ బాగానే ఉండేది. ఆ తర్వాత అయిదు గంటలు ఆవిడేం చేయాలి? బియ్యం డబ్బా ఈ మూలనుంచి ఆ మూలకి మార్చింది. బాగోలేదని వెనక్కి తెచ్చింది. శుభ్రంగా ఉన్న చింతపండుకి మళ్లీ గింజలు వెతికింది. గోడమీద బల్లిని తరిమింది. పడుకోమంటే పడుకుని, పడుకునే ఊళ్లోవాళ్లందరి గురించీ ఆరాలు తీసింది. ఫ్యాను తిరుగుతోంది, అమ్మమ్మ తిరుగుతోంది, నా తలా తిరుగుతోంది.

ఒకరోజు దారం కొనడానికి ఇలా వెళ్లి అలా వచ్చేసరికి మనిషి లేదు. అరగంటకి గొడుగేసుకుని పెరటి దారిన వచ్చింది.

"ఎక్కడికెల్లినావు?"

"తోట ఉన్నాదో నేదో సూసొచ్చినాను."

"తోట ఎక్కడికి పోతాదే?"

"తిత్లీకి పోనేదేటి?"

చేతులకేసి చూస్తే గోళ్లలో ఎర్రమట్టి ఉంది. "మరి సేతులకి మట్టేటి?"

"ఎనిమిదో గొయ్యి నాకేసి సూసినాది. ఊరికే ఎలాగొచ్చీడం? రెండు పారలు తీసినాను." గోళ్లు చూసుకుని, "మూడు" అంది.

దుత్త విషయంలో మాత్రం ఆవిడ బుద్ధిమంతురాలే అనుకున్నాను. గీతలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. సాయంత్రానికి అడుగు కనబడుతోంది. నాకు నేనే శభాష్ అనుకున్నాను. రెండు వారాలైనా వాన జాడలేదు. ఊళ్లో పూలమొక్కలూ కూరపాదులూ మాడిపోయాయి. అప్పుడొకరోజు నూకరత్నం పిన్ని కరివేపాకు కోసం మా పెరట్లోకి వెళ్లి అక్కణ్నుంచే కేకేసింది.

"ఓలె కుసుమా! మీ కరేపాకు మొక్కకేటెరువేసినారే? ఊరంతా ఎండిపోనాది, ఇది సూడు, పెళ్లికూతుర్లాగ ఉన్నాది!"

వెళ్లి చూశాను. మార్చిలో నా మోకాలెత్తున్న మొక్క నడుమెత్తు వచ్చింది. లేత ఇగుళ్లతో నిగనిగలాడుతోంది. మొదలు దగ్గర మట్టి తడిగా ఉంది. ఇంకా ఇంకుతోంది. రెండు వారాలపాటు డాక్టరు గారు చెప్పిన కొలత ప్రకారం, పూటపూటా తప్పకుండా, మా కరివేపాకు మొక్క నీళ్లు తాగింది.

నాకు ఒళ్లు మండింది. నూకరత్నం పిన్ని ఉండగానే అరిచాను. "నీకు సావాలనుంటే నాకు ముందే సెప్పు! ఈ గీతలు గీసి, నీ ఎనకాల తిరిగి, నాకెందుకీ పని? రెండు దాటితే ఆ కుర్చీలో నువ్వు కూకుంటావు, ఆటోలో నిన్ను నానే తీసుకెళ్లాల!"

నూకరత్నం పిన్ని కరివేపాకు రెబ్బలు కొంగులో వేసుకుని చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. అమ్మమ్మ వెనకగుమ్మంలో కూర్చుంది. నిజంగా కూర్చుంది.

"దిగదే" అంది.

"ఏటి దిగదు?"

"నీళ్లు. గుటక దిగదు." కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, చుట్టుకుంటూ చెప్పింది. "మీ తాతకి ఆకరి యేడు నీళ్లు కొలిసిచ్చేదాన్ని. మిషనెక్కినోళ్లు ఎక్కువ తాక్కూడదంట. రోజుకి ఇన్ని గ్లాసులని సెప్పినారు. నాను గ్లాసుకి గీత గీసినాను, నువ్వు దుత్తకి గీసినట్టే. ఎండాకాలం. ఆడు మంచం మీదినుంచి బింది కేసి సూసీవోడు. 'ఒలే బొడ్డీ, ఒక్క గుక్కే' అనీవోడు. నానియ్యనేదు. బింది ఎదురుగుంటే అడుగుతన్నాడని అటక మీదెట్టీసినాను. ఇప్పుడు నన్ను కడుపునిండా తాగమంటే... నువ్వా గీత సూపించినప్పుడల్లా ఆడి మొకమే అగుపడతాది."

లోపలికి వెళ్లి తడిగుడ్డ తెచ్చి దుత్త మీద సున్నపు గీతలు నాలుగూ తుడిచేశాను. రెండు గ్లాసులు తెచ్చి, రెండూ నింపి, ఒకటి ఆవిడకిచ్చాను, ఒకటి నేను తీసుకున్నాను.

"నాకు దాహం నేదు" అంది.

"నాకూ నేదు. నువ్వు తాగితేనే నాను తాగుతాను. నాకేటైనా అయితే నీ కూతురికి నువ్వే సెప్పుకో."

"బెదిరిత్తన్నావేటే గుంటా?"

"అవును."

నా గ్లాసుకేసి చూసింది. తన గ్లాసుకేసి చూసింది. కళ్లు మూసుకుని గడగడా తాగేసింది. పొలమారింది. నెత్తిమీద తట్టాను. కళ్లంట నీళ్లు కారుతుంటే, "పొలమారినాది" అంది. "అవును, పొలమారినాది" అన్నాను.

ఆ తర్వాత గీతల్లేవు. ఆవిడకో గ్లాసు, నాకో గ్లాసు. కొలత నా తలలో పెట్టుకున్నాను. ఆవిడ కళ్లముందు పెట్టలేదు. మధ్యాహ్నం సంగతి మాత్రం ఆవిడే తేల్చుకుంది. నేను పడుకోబెట్టాలని చూసినన్నాళ్లూ కుదరలేదు. ఒకరోజు తోటనుంచి వస్తూ కొబ్బరాకుల మోపు తెచ్చి అరుగుమీద పడేసింది. కత్తి తీసుకుని ఈనెలు గీయడం మొదలెట్టింది. పదకొండునుంచి నాలుగుదాకా చీపుర్లు. చేతులకి పని దొరికాక కాళ్లు కుదుటపడ్డాయి. పూర్తిగా కాదులెండి. బొటనవేలు ఆడుతూనే ఉండేది. మిగిలిన గోతులు తెల్లవారుజామున ఒకటి, పొద్దు వాలాక ఒకటి చొప్పున తవ్వింది. వెళ్లేముందు పెరట్లోంచి వచ్చి రంగు ప్రకటించేది. "గడ్డి!" అని కేకేస్తే పనికి వెళ్లొచ్చని అర్థం. వీధిలో పోయేవాళ్లు, మాకు ఆవుల్లేవు కదా గడ్డెందుకని అడిగేవారు.

ఊళ్లో నవ్వారు కూడా. మృగశిర పోయినా దుత్త చంకనెట్టుకుని తిరుగుతోందని. అమ్మమ్మ ఊరుకోలేదు. "వాన ఏదిరా మరి? మీ ఇంట్లో దాసినారేటి?" అనేది. అప్పుడే ఒక కొత్త చట్టం చేసింది. తను తవ్విన గోతిలో వాననీళ్లు ఒక రాత్రంతా నిలిచేదాకా వానాకాలం కాదు. కార్తె ఏదైనా సరే.

జూలై మొదటి వారంలో వాన వచ్చింది. రెండు రాత్రులు ఆగకుండా కురిసింది. మూడో రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే పన్నెండు గోతుల్లోనూ ఎర్రనీళ్లు, వాటి మీద ఆకాశం. నీళ్లు ఇంకాక పన్నెండు మొక్కలూ నాటాం. అమ్మమ్మ ఒక్కో మొక్క చుట్టూ మట్టి తొక్కుతూ దాన్ని ఏదో హెచ్చరిస్తూనే ఉంది. నేను మాత్రం ఇంటికొచ్చాక ఆవిడేం చేస్తుందా అని ఆవిడ వెనకే నడిచాను.

వచ్చింది. దుత్త కడిగింది. బూడిదతో తోమింది. పొడిగుడ్డతో తుడిచింది. అటకకేసి చూసింది. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బిందెలోంచి నీళ్లు ముంచి నింపి, మూతికి గుడ్డ కట్టింది.

"సూత్తావేటే? వానాకాలంలో దుత్త సూడనేదా?" అంది. నేనెక్కడ చూశాను. ఎవరూ చూడలేదు.

జూలై ఆఖరి వారంలో సత్యవేణి గారు మళ్లీ రక్తం తీసింది. ఫలితం రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులు మా ఇంట్లో ఇద్దరికీ కాలు నిలవలేదు. అమ్మమ్మ నలభై చీపుర్లు కట్టింది. మా వీధిలో ఉన్నవి పద్దెనిమిది ఇళ్లు. నేను ఒక లంగాకి రెండుసార్లు నాడా ఎక్కించి రెండుసార్లు లాగేశాను. మా అమ్మ షెడ్డునుంచి రోజుకి మూడుసార్లు ఫోను చేసి అంకె సంగతి అడక్కుండా కూర ఏం వండారని అడిగింది. మూడోనాడు పొద్దున సత్యవేణి గారి బండి చప్పుడు వినబడగానే అమ్మమ్మ పెరట్లోకి పోయి కరివేపాకు మొక్క దగ్గర నిలబడింది. "నువ్వే ఇని సెప్పు" అంది.

ఒకటీ అయిదు.

"ఎప్పుడూ ఇక్కడే ఉంటాదని సెప్పనేను" అంది సత్యవేణి గారు. "అక్టోబరులో మళ్లీ సూద్దాం. ఎండ తగ్గినాదని నీళ్లు మానీకండి. షెడ్డుకెళ్లినప్పుడు కూడా."

పెరట్లోకి వెళ్లి చెప్పాను. "ఒకటీ అయిదంట అమ్మమ్మా." ఆవిడ "ఊఁ" అంది. కరివేపాకు రెబ్బ ఒకటి తుంచి, వాసన చూసి, నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఏమీ జరగనట్టు తోటకి వెళ్లిపోయింది. దుత్త చంకలో ఉంది. నేను గుమ్మంలో నిలబడి ఆవిడ మలుపు తిరిగేదాకా చూశాను. తిరిగాక కూడా చూశాను. అక్టోబరంటే ఇంకా ఎంతో లేదు.

ఇదంతా నోటుపుస్తకంలో రాసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. నాలుగో రోజు అమ్మమ్మ అరుగుమీద ఈనెలు గీస్తుంటే పక్కన కూర్చుని మొదటి పేరా చదివి వినిపించాను. సూర్యుడు పెరట్లోకి తొంగిచూడటం, వానలు వీధి మొగలో ఆగి అడగడం, అన్నీ. మెచ్చుకుంటుందని ఆశపడ్డాను.

కత్తి ఆపలేదు. తలెత్తలేదు.

"సూరీడు నన్నడుగుతాడో మానుతాడో గాని, పొద్దున్నించి నా గ్లాసు నానొక్కద్దాన్నే తాగుతన్నాను. నీ గ్లాసు అలాగే ఉన్నాది. ముందెల్లి నీ ఉచ్చ రంగు సూసుకునొచ్చి, అప్పుడు రాద్దువు గాని నా కథ."